వాషింగ్ మెషిన్ వాసన: వెనిగరా, సోడానా, బ్లీచా, నిమ్మ ఉప్పా?

ఉతికిన బట్టలు బయటికి తీస్తుంటే ముక్కిపోయిన వాసన వస్తోందంటే, చాలా ఇళ్లలో ముందు చేసే పని సబ్బు పొడి ఇంకాస్త ఎక్కువ వేయడం. ఆ తర్వాత కంఫర్ట్ లాంటి కండిషనర్ మరో మూత పోయడం. ఈ రెండూ వాసనను పెంచేవే. అప్పటికీ పోకపోతే ఎవరో చెప్పారని వెనిగర్, ఇంకెవరో చెప్పారని వంట సోడా, ఒక్కోసారి రెండూ కలిపి పోసేస్తారు. వారం రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలవుతుంది.

ఏ వస్తువు ఏ మురికి మీద పనిచేస్తుందో తెలిస్తే ఈ తిప్పలు ఉండవు. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. మామూలు ముక్కిన వాసనకు వేడి నీళ్లు, ఆక్సిజన్ బ్లీచ్ పొడి మొదటి ఎంపిక. బోరు నీళ్లు వాడే ఇళ్లకు దానికి తోడు, ఇంకో రోజున, నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం. వెనిగర్‌కు ఉన్న పేరు దాని పనికి మించినది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

వాసన పుట్టే చోటు

మూత తీయగానే కనిపించే స్టీల్ డ్రమ్ముకు చిల్లులు ఉంటాయి. దాని చుట్టూ ఇంకో టబ్ ఉంటుంది, చాలా మెషిన్లలో అది ప్లాస్టిక్‌ది. నీళ్లు నిలిచేది అందులోనే. ఈ రెండింటి మధ్య సందులోకి మన చెయ్యి వెళ్లదు. ఒంటి జిడ్డు, చెమట, సరిగా కరగని సబ్బు, కండిషనర్ వదిలే జిడ్డు పూత, బట్టల నూగు అన్నీ కలిసి ఆ గోడల మీద జిగురుగా పేరుకుంటాయి. లోపల తడి ఆరదు, గాలి ఆడదు. బ్యాక్టీరియాకూ బూజుకూ అంతకన్నా ఏం కావాలి?

ఉతికిన బట్టల్లో వచ్చే ఈ వాసనకు ముఖ్య కారణం మొరాక్సెల్లా అనే జాతి బ్యాక్టీరియా అని జపాన్ పరిశోధకులు 2012లో తేల్చారు. అది ఎండలో ఆరేసినా పూర్తిగా చావదు, తడి తగలగానే మళ్లీ పని మొదలుపెడుతుంది. ఆరినప్పుడు బాగానే ఉన్న టవల్, ఒళ్లు తుడుచుకోగానే కంపు కొట్టేది అందుకే.

ఇక రెండో మురికి నీళ్లతో వచ్చేది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డి అవుతాయి. హీటర్ ఉన్న మెషిన్‌లో హీటర్ కడ్డీ మీద సున్నంలా గట్టిపడతాయి. ఆ గరుకు పొర మీద జిగురు ఇంకా బాగా పట్టుకుంటుంది. తాగే నీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. రాయలసీమలో, నల్లగొండ వైపు, హైదరాబాద్‌లో బోరు మీద ఆధారపడే అపార్ట్‌మెంట్లలో నీళ్లు ఎలా ఉంటాయో అక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. గీజర్ రాడ్ మీద, కుళాయి మూతి దగ్గర తెల్లటి పొలుసు కడుతుంటే మీ మెషిన్ లోపలా అదే జరుగుతోందని అనుకోవచ్చు.

జిడ్డు జిగురు క్షారానికీ వేడికీ లొంగుతుంది. సున్నపు పొర ఆమ్లానికి మాత్రమే లొంగుతుంది. ఏది కొనాలన్న ప్రశ్న ఇక్కడే సగం తేలిపోతుంది.

ముందు ఏ వాసనో తేల్చుకోండి

రాత్రంతా ఖాళీగా ఉన్న మెషిన్‌ను పొద్దున్నే తెరిచి వాసన చూడండి. ముక్కిన వాసన, చెమ్మ వాసన అయితే పైన చెప్పిన జిగురు పొర. కింద చెప్పబోయే వస్తువులన్నీ దానికోసమే.

మురుగు కాలువ వాసన అయితే తప్పు మెషిన్‌ది కాకపోవచ్చు. నీళ్లు బయటికి పంపే పైపును మురుగు గొట్టంలోకి మరీ లోతుగా దూర్చి, చుట్టూ టేపు వేసి బిగించేస్తారు. అప్పుడు మురుగు గాలి నేరుగా డ్రమ్ములోకి వస్తుంది, ఒక్కోసారి మురికి నీళ్లు కూడా వెనక్కి వస్తాయి. పైపు చివర మురుగు నీటిని తాకకుండా, కంపెనీ చెప్పిన ఎత్తులో వంపు తిరిగి ఉండాలి. నేల మీద నీళ్లు పోయే చోట ఉండే నహానీ ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయినా ఇదే వాసన వస్తుంది. ఎక్కువగా వాడని బాల్కనీల్లో, యుటిలిటీల్లో ఇది మామూలు. ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. దీనికి ఏ పొడీ అక్కర్లేదు, ప్లంబర్ పది నిమిషాల పని.

కాలిన రబ్బరు వాసన, ప్లాస్టిక్ మాడిన వాసన వస్తే స్విచ్ ఆపి, ప్లగ్ తీసి మెకానిక్‌ను పిలవండి. బెల్టో, మోటారో, వైరింగో అయి ఉంటుంది.

మెషిన్ వాసన రాకుండా బట్టలే వాసన వస్తుంటే ఇంకో పరీక్ష ఉంది. వాసన లేని ఒక తెల్ల టవల్‌ను సబ్బు లేకుండా ఒక్కదాన్నే తిప్పి, తడిగా ఉన్నప్పుడే వాసన చూడండి. అది బాగుంటే మెషిన్ బాగున్నట్టే. వానాకాలంలో గదిలో రెండు రోజులు ఆరేసిన బట్టలు, ఉతికాక గంటల తరబడి డ్రమ్ములోనే వదిలేసిన బట్టలు వాటంతట అవే ముక్కిపోతాయి.

ఏ పొడీ వేయకముందు

ఇది వదిలేసి ఖరీదైన పౌడర్ కొంటే డబ్బులు దండగ. ఫ్రంట్ లోడ్ అయితే తలుపు దగ్గరి రబ్బరు మడతను వేళ్లతో విప్పి చూడండి. కింది వైపు నీళ్లు నిలిచి, నూగు, వెంట్రుకలు, పిన్నీసులు, నల్లటి బూజు కనిపిస్తాయి. సబ్బు నీళ్ల గుడ్డతో తుడవండి. సబ్బు వేసే సొరుగు పూర్తిగా బయటికి వస్తుంది. దాన్ని పాత టూత్ బ్రష్‌తో కడగండి, అది కూర్చునే గూడు పైభాగం కూడా తుడవండి. అక్కడ బూజు కట్టినట్టు చాలామందికి తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యం కింది మూలన చిన్న తలుపు వెనక ఉండే డ్రెయిన్ ఫిల్టర్. మెషిన్ చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్ తీసి, కింద పళ్లెం పెట్టి, మెల్లగా తిప్పండి. పక్కన సన్నటి పైపు ఉంటే ముందు దాంతో నీళ్లు దింపండి. ఏళ్ల తరబడి తెరవని ఫిల్టర్ నుంచి వచ్చే కుళ్లిన వాసనను ఇక మరచిపోలేరు. సగం ఇళ్లలో వాసన అక్కడితోనే బాగా తగ్గుతుందని నా నమ్మకం.

టాప్ లోడ్‌లో నూగు పట్టే సంచి లేదా జాలీ ఉంటుంది, దాన్ని తిరగేసి కడగాలి. సెమీ ఆటోమేటిక్‌లో పిండే తొట్టి అడుగున నీళ్లు నిలుస్తుంటాయి, అది చూసుకోండి.

ఇక పోలిక

ఆక్సిజన్ బ్లీచ్ అంటే సోడియం పెర్కార్బొనేట్. నీళ్లలో వేయగానే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, చాకలి సోడాగా విడిపోతుంది. ఒకటి బ్యాక్టీరియాను, బూజును దెబ్బతీస్తుంది, రెండోది జిడ్డును వదిలిస్తుంది. అంటే ఒక్క పొడిలోనే మనకు కావలసిన రెండు పనులూ ఉన్నాయి. క్లోరిన్ ఘాటు ఉండదు. వానిష్ లాంటి మరకల పొడుల్లో, అమెరికాలో ఉన్న మనవాళ్లు కొనే అఫ్రెష్ బిళ్లల్లో ఉండేది కూడా ఇదే. కొరియా, జపాన్ నుంచి వచ్చే చాలా టబ్ క్లీనర్ పొడుల్లోనూ ఇదే ముఖ్యం. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కిరాణా కొట్లో దొరకదు. చన్నీళ్లలో బద్ధకంగా పనిచేస్తుంది, 40 డిగ్రీలు దాటాక చురుకవుతుంది, 60 దగ్గర బాగా పనిచేస్తుంది.

ఫ్రంట్ లోడ్‌లో 100 గ్రాములు నేరుగా డ్రమ్ములో వేసి, బట్టలు లేకుండా టబ్ క్లీన్ లేదా 60 డిగ్రీల ప్రోగ్రామ్ పెట్టండి. హీటర్ లేని టాప్ లోడ్‌కు గీజర్ నీళ్లు బకెట్లతో పోయాలి. మరిగే నీళ్లు పోయకండి, ప్లాస్టిక్ తట్టుకోదు. నీటి మట్టం గరిష్ఠానికి పెట్టి, 200 గ్రాముల వరకు వేసి, పది నిమిషాలు తిప్పి, ఆపేసి నాలుగైదు గంటలు నాననివ్వండి. నీళ్ల మీద గోధుమ రంగు, నల్లటి రేకులు తేలతాయి. వాటిని జాలీతో తీసేసి, నీళ్లు వదిలి, మళ్లీ నింపి రిన్స్ చేయండి. తేలిన రేకులు తీయకుండా నీళ్లు వదిలితే పంపులో ఇరుక్కుంటాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఈ పొడి కలిపిన నీళ్లను మూత బిగించిన సీసాలో దాచకండి, గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది.

చాకలి సోడా, అంటే బట్టల సోడా, చవకైన ఎంపిక. ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. జిడ్డు మీద బాగా పనిచేస్తుంది, బ్యాక్టీరియా మీద అంత బలం లేదు. మన రజకులు చౌడు మట్టి నీళ్లలో ముంచిన బట్టలను బట్టీ మీద ఆవిరికి పెట్టేవారు. క్షారం, వేడి కలిస్తే జిడ్డు వదులుతుందన్న ఆ జ్ఞానం వాళ్ల చేతుల్లో తరతరాలుగా ఉంది. 100 గ్రాముల చాకలి సోడా, వేడి నీళ్లు ఉంటే పెర్కార్బొనేట్ దొరకని ఇంట్లో కూడా పని చాలావరకు అవుతుంది. ఫ్రంట్ లోడ్‌లో డ్రమ్ము వెనక మోసే భాగం చాలావరకు అల్యూమినియందే, దానికి గాఢమైన క్షారం పడదు. కాబట్టి రాత్రంతా నానబెట్టకుండా, తిప్పేసి కడిగేయండి.

క్లోరిన్ బ్లీచ్, అంటే ఆలా లాంటి ద్రవాలు, క్రిములను చంపడంలో అన్నిటికన్నా వేగం. చన్నీళ్లలోనే పనిచేస్తుంది కాబట్టి హీటర్ లేని మెషిన్‌కు, గీజర్ నీళ్లు మోయలేని వాళ్లకు ఇదే అనువు. అరకప్పు చాలు. కానీ జిడ్డును పెద్దగా కదిలించదు. పైన ఉన్నవి చచ్చినా పొర అలాగే ఉంటే, రెండు మూడు వారాల్లో మళ్లీ వాసన వస్తుంది. స్టీల్ మీద ఎక్కువసేపు ఉంచితే మచ్చలు, తుప్పు వస్తాయి. అరగంట మించకుండా వదిలేయాలి, తర్వాత రెండుసార్లు రిన్స్ చేయాలి. రబ్బరు మడతలో నల్లటి బూజు మచ్చలకు మాత్రం దీనికి సాటి లేదు: నీళ్లలో కలిపి గుడ్డకు తడిపి పావుగంట ఆ మడతలో ఉంచి, తర్వాత శుభ్రంగా తుడవండి. మునిసిపాలిటీ వాళ్లు చల్లే బ్లీచింగ్ పౌడర్‌ను మెషిన్‌లో వేయకండి. అందులో సున్నం ఉంటుంది, అడుగున గడ్డకడుతుంది.

నిమ్మ ఉప్పు, డీస్కేలింగ్ పౌడర్ ఒక కుటుంబానికి చెందినవి. ఐఎఫ్‌బీ వంటి కంపెనీల సర్వీస్ వాళ్లు ఇచ్చేది సాధారణంగా ఇలాంటి ఆమ్లపు పొడే. సున్నపు పొరను కరిగించడం దీని పని, అది బాగా చేస్తుంది. వాసన పోతుందని దీన్ని కొని నిరాశపడేవాళ్లు చాలామంది. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వచ్చే ఇంట్లో సున్నపు పొర తక్కువే ఉంటుంది కాబట్టి ఇది చేసే పని కూడా తక్కువే. బోరు నీళ్ల ఇంట్లో కథ వేరు. అక్కడ ముందు నిమ్మ ఉప్పుతో సున్నం తీస్తేనే తర్వాత వేసే క్షారం జిగురు దాకా చేరుతుంది. 100 గ్రాములు, 60 డిగ్రీలు, బట్టలు లేకుండా. ప్యాకెట్ వెనక ఏముందో చదవండి: సిట్రిక్, సల్ఫామిక్ అని ఉంటే ఆమ్లం, పెర్కార్బొనేట్ అని ఉంటే ఆక్సిజన్ బ్లీచ్.

వెనిగర్ గురించి కాస్త లెక్క చూద్దాం. మన దగ్గర దొరికే తెల్ల వెనిగర్‌లో ఆమ్లం 4–5 శాతం. అర లీటరు సీసా మొత్తం పోసినా ఆమ్లం 20–25 గ్రాములే. అది పదిహేను, ఇరవై లీటర్ల నీళ్లలో కలిసిపోతుంది. అదే ఖర్చులో నిమ్మ ఉప్పు 100 గ్రాములు వేయవచ్చు. పైగా వెనిగర్ జిడ్డును తీయదు. పదే పదే వాడితే రబ్బరు భాగాలు పాడవుతాయని కొన్ని కంపెనీలు హెచ్చరిస్తాయి. ఇంట్లో ఉంటే సొరుగు నానబెట్టడానికి వాడండి, మెషిన్ కోసం ప్రత్యేకంగా కొనక్కర్లేదు.

వంట సోడా చాలా బలహీనమైన క్షారం. ముద్దలా చేసి రబ్బరు రుద్దడానికి బాగుంటుంది, అంతే. వెనిగర్‌లో కలిపితే బుసబుసా నురగ వస్తుంది, చూడ్డానికి ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది కాస్త ఉప్పు నీళ్లు.

కలరా ఉండలు డ్రమ్ములో వేసి ఉంచేవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు. వాటిలోని నాఫ్తలీన్ బట్టల్లోకి పడుతుంది, జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన పసిపిల్లల్లో ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది.

ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడనివి

క్లోరిన్ బ్లీచ్‌తో నిమ్మ ఉప్పు గానీ, వెనిగర్ గానీ, డీస్కేలింగ్ పౌడర్ గానీ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కిటికీ లేని బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఒకే రోజు ఒకదాని తర్వాత ఒకటి కూడా వాడకండి, మధ్యలో రెండు మామూలు ఉతుకులు పోనివ్వండి. బాత్రూం యాసిడ్, టాయిలెట్ క్లీనర్ మెషిన్ దరిదాపుల్లోకి రానివ్వకండి. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం స్టీల్‌ను తినేస్తుంది. గ్లౌజులు వేసుకోండి, తలుపులు తీసి పెట్టండి.

మీ ఇంటికి ఏది?

హీటర్ ఉన్న ఫ్రంట్ లోడ్, నది నీళ్లు: పెర్కార్బొనేట్, 60 డిగ్రీలు. వేరే ఏదీ కొనకండి.

అదే మెషిన్, బోరు నీళ్లు: ఈ వారం నిమ్మ ఉప్పు, వచ్చే వారం పెర్కార్బొనేట్. తర్వాత రెండు మూడు నెలలకోసారి నిమ్మ ఉప్పు మళ్లీ.

హీటర్ లేని టాప్ లోడ్ అయితే గీజర్ నీళ్లతో పెర్కార్బొనేట్ నానబెట్టడం ఉత్తమం. కుదరకపోతే మొదట చాకలి సోడాతో తిప్పి కడిగేసి, మరుసటి రోజు బ్లీచ్. సెమీ ఆటోమేటిక్‌కూ ఇదే, పిండే తొట్టిలో కూడా ఆ నీళ్లు రెండు చెంబులు పోసి తిప్పడం మరవకండి.

ఏళ్ల తరబడి శుభ్రం చేయని టాప్ లోడ్‌లో రెండుసార్లు నానబెట్టినా రేకులు వస్తూనే ఉంటే మెకానిక్‌ను పిలవడమే మంచిది. అడుగున తిరిగే పల్సేటర్ చాలా మోడళ్లలో ఒక్క స్క్రూతో వస్తుంది. దాని కింద పేరుకున్న మట్టిని చూస్తే ఇన్నాళ్లూ పొడులు ఎందుకు పనిచేయలేదో అర్థమవుతుంది. ఫ్రంట్ లోడ్‌ను పూర్తిగా విప్పడం పెద్ద పని, ఖర్చూ ఎక్కువే. మెషిన్ వారంటీలో ఉంటే కంపెనీ మనిషి చేతనే చేయించండి. వచ్చినవాళ్లు ఏమీ విప్పకుండా ఒక పొడి వేసి తిప్పి డబ్బులు అడిగితే, ఏ పొడి వేశారో అడిగి తెలుసుకోండి. ఆ పని మీరే చేసుకోగలరు.

మళ్లీ రాకుండా

శుభ్రం చేసిన మెషిన్‌కు పాత అలవాట్లే కొనసాగితే నెల తిరిగేసరికి వాసన వెనక్కి వస్తుంది. చేత్తో ఉతికే పొడి ఫ్రంట్ లోడ్‌లో వేయకండి. నురగ ఎక్కువై సరిగా రిన్స్ కాదు. మామూలు మురికి బట్టలకు రెండు చెంచాల పొడి చాలు, బోరు నీళ్లయితే కొంచెం ఎక్కువ. కండిషనర్ సగానికి తగ్గించండి, టవళ్లకు అసలు వద్దు. వారానికో ఉతుకు, దుప్పట్లో టవళ్లో, 60 డిగ్రీల్లో పెట్టండి. టబ్ క్లీన్‌ను చాలా కంపెనీలు నెలకోసారి చేయమంటాయి, రోజూ ఉతికే ఇంట్లో అది తప్పనిసరి.

ఉతకడం అయ్యాక రబ్బరు మడత తుడిచి, తలుపు కాస్త, సొరుగు కాస్త తెరిచి ఉంచండి. చిన్న పిల్లలున్న ఇంట్లో మాత్రం తలుపు బార్లా తీసి వదలకండి, ఫ్రంట్ లోడ్ డ్రమ్ములోకి పాకిపోతారు. ఆ యుటిలిటీ తలుపుకు గడియ పెట్టే ఏర్పాటు ఉంటేనే తెరిచి ఉంచండి. లేకపోతే పిల్లలు పడుకున్నాకే.

పెద్ద శుభ్రం అయ్యాక మొదటి రెండు ఉతుకుల్లో లోపల ఊడిన రేకులు ఇంకా కొన్ని వస్తాయి. ఆ రెండుసార్లు తెల్ల చొక్కాలు, పట్టు పంచెలు వేయకుండా కాళ్లు తుడుచుకునే పట్టలు, పాత దుప్పట్లు వేయండి.